పొత్లాకో డబ్బాలోని వజ్రం

పొత్లాకోకి ఖ్వాపా వాగులో పావురం గుడ్డంత వజ్రం దొరికిందనీ, దాన్ని పసుపుపచ్చ ఐస్‌క్రీమ్ డబ్బాలో పెట్టి మంచం కింద పాతేశాడనీ మా కొండల్లో ఇప్పటికీ చెప్పుకుంటున్నారు. మొన్న కోళ్లు అమ్ముకోవడానికి వచ్చిన మనిషెవరో, నేనేదో నిన్న పుట్టినట్టు, ఆ సంగతి నాకే చెప్పాడు. అతని దగ్గరికి వెళ్లేసరికి అది కోడిగుడ్డయింది. వచ్చే చలికాలానికి నిప్పుకోడి గుడ్డవుతుందని నా నమ్మకం.

ఈ కథలో నిజం ఒక్కటే, డబ్బా పసుపుపచ్చది. మిగతాదంతా సరిచెయ్యడం నా పనే. ఎందుకంటే పావురం గుడ్డు అనే కొలత మొదట బయటికొచ్చింది నా నోట్లోంచే. ఆ రోజు నా ఇంటి ముందు గడ మీద తెల్లజెండా ఎగురుతోంది, అంటే జొన్న బీరు తయారుగా ఉందని అర్థం. పెరట్లో పదిమంది కూర్చున్నారు. ఎంతుంటుందంటావు అని ఎవరో అడిగారు. చూడనిదాన్ని చూడలేదని చెబితే తాగేవాళ్లు లేచి పక్కింటి జెండా దగ్గరికి పోతారు. అందుకని చెప్పాను.

పొత్లాకో నాకంటే ఆరేళ్లు చిన్న. కుర్రతనంలో గుర్రం మీంచి పడి ఎడమ పాదం విరగ్గొట్టుకున్నాడు. ఎముకలు కట్టే మనిషి ఆ పాదాన్ని కాస్త పక్కకి చూసేలా కట్టాడు. తర్వాత గనుల్లో పనికి మనుషుల్ని తీసుకునేవాళ్లు వచ్చినప్పుడు, వరసలో నిలబడ్డ అందరినీ తీసుకుని ఇతన్ని ఇంటికి పొమ్మన్నారు. మా ఈడు మగవాళ్లంతా గనులకు వెళ్లి ఒక్కొక్కరు ఒక రేడియో, ఒక దగ్గు తెచ్చుకున్నారు. పొత్లాకోకి రెండూ దక్కలేదు. పెద్ద నాయకుడు, అంటే ఇప్పటి నాయకుడి తండ్రి, జాలిపడి వాగు ఒడ్డున ఒక పొలం పంచి ఇచ్చాడు. ఆ పొలంతో పాటే గొర్రెల మందు తొట్టి పని కూడా అప్పగించాడు.

ఏటా ఉన్ని కత్తిరించడం అయ్యాక ఊళ్లో గొర్రెలన్నిటినీ వాగుకి పైనున్న సిమెంటు తొట్టి దగ్గరికి తోలుకుపోతారు. గజ్జి మందు కలిపిన నీళ్లలో గొర్రె ఈ కొసన దూకి ఆ కొసన తేలాలి. మధ్యలో ఒకసారి తల కూడా మునగాలి. ఆ తలల్ని కొమ్మకర్రతో ముంచేవాడు పొత్లాకో. అన్నీ అయ్యాక మురికి మందుని గట్టుకి అవతల తవ్విన గుంటలోకి పంపేది కూడా అతనే. ఇరవై రెండేళ్లు చేశాడు. ఊళ్లో ప్రతి గొర్రె ముఖం అతనికి గుర్తు. మనుషుల ముఖాల విషయంలో అంత శ్రద్ధ లేదు. భార్య మాపులెంగ్ బతికున్నన్నాళ్లూ ఆ ఇంటి మాటలన్నీ ఆవిడే మాట్లాడేది. ఆవిడ పోయాక ఆ ఇంట్లో మాట వినాలంటే నేనో మరొకరో వెళ్లాల్సిందే. నాకు వీలైనప్పుడల్లా వెళ్లేదాన్ని, వద్దని అతనెప్పుడూ అనలేదు. రమ్మనీ అనలేదనుకోండి.

మూడేళ్ల కిందట, ఒక వానాకాలం చివర, తొట్టి పని ఇక చెయ్యనని చెప్పేశాడు. ఎందుకంటే కాలు నొప్పన్నాడు. ఇరవై రెండేళ్లు నొవ్వని కాలు ఒక్క వారంలో నొచ్చింది. నేను అప్పుడే పట్టుకోవలసింది. కానీ ఆ నెల మా వీధి మాఖౌతా కోడలు పుట్టింటికి వెళ్లి తిరిగి రాకపోవడం గురించి ఆరా తియ్యడంలో తీరిక లేకపోయింది. ఒక్క మనిషి ఎన్నని చూసుకుంటుంది.

ఆ చలికాలంలోనే బడి టీచరమ్మ న్థాటిసి పిల్లల్ని వెంటేసుకుని వాగులోకి దిగింది. పట్నంలో ఏదో నేర్చుకుని వచ్చింది. పాత తెరగుడ్డతో కుట్టిన వలలు, ఐస్‌క్రీమ్ డబ్బాలు, బొమ్మలున్న ఒక అట్ట. అట్ట మీద నీటి పురుగుల బొమ్మలు, పక్కన మార్కులు. మా ఇంట్లో నలుగురు చదువుకున్నారు, ఒక్కరికీ పదిహేను దాటలేదు. ఆ అట్ట మీద మాత్రం రెండు తోకల పురుగొకదానికి పదిహేడు. జలగకి రెండు. ఆ రెండైనా ఎందుకిచ్చారో నాకు తెలియదు.

టీచరమ్మ చెప్పిందేమిటంటే, ఆ రెండు తోకలది మహా సుకుమారం. చల్లటి నీరుండాలి, పారుతుండాలి, శుభ్రంగా ఉండాలి. నీళ్లలో కాస్త విషం కలిసినా అందరికంటే ముందు చచ్చేది అదే. కాబట్టి రాయి కింద అది కనబడితే నీళ్లు మంచివని అర్థం. ఎండాకాలంలో మా ఊటబావి ఇంకిపోతే మేం తాగేది ఆ వాగు నీళ్లే. మధ్యాహ్నం దాకా పిల్లలు రాళ్లు తిరగేశారు. జలగలు దొరికాయి, ఎర్రటి వానపాముల్లాంటివి దొరికాయి. రెండు తోకలది ఒక్కటీ లేదు. అలా మా వాగు పరీక్ష తప్పింది. మా ఊరికి అదేం కొత్త కాదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

పొత్లాకో మాత్రం పార పట్టుకుని పొలం గట్టు మీద అంతసేపూ నిలబడే ఉన్నాడు. పిల్లలు వెళ్లాక టీచరమ్మ దగ్గరికి వచ్చి, ఆ అట్ట ఒకటి నాకిస్తారా అని అడిగాడట. అతను జన్మలో ఎవర్నైనా ఒక వస్తువు అడగడం అదే మొదటిసారని టీచరమ్మకి తెలియక మామూలుగా ఇచ్చేసింది.

ఆ తర్వాత మొదలైంది నడక. వారానికోసారి, తెల్లవారకముందే, కంబళి కప్పుకుని, రబ్బరు బూట్లేసుకుని, చేతిలో ఆ పసుపుపచ్చ డబ్బా పట్టుకుని కొండ ఎక్కేవాడు. శిఖరం దాటితే అవతలి లోయలో ఇంకో వాగుంది, వేసవి మందలు మేసే చోట. వెళ్లడానికి మూడు గంటలు, ఆ పాదంతో ఇంకాస్త ఎక్కువే. మధ్యాహ్నానికి తిరిగొచ్చేవాడు. వచ్చేటప్పుడు డబ్బా మీద తడిగుడ్డ కట్టి ఉండేది, డబ్బా బరువుగా ఉండేది. ఇంటికి పోకుండా నేరుగా వాగులోకి దిగి, ఒక్కొక్క రాయీ ఎత్తి, కింద చూసి, డబ్బాలోంచి ఏదో తీసి, రాయిని మళ్లీ ఉన్నచోటే పెట్టేవాడు. ఇలా రెండేళ్లు నడిచాడు. రెండేళ్లూ అతను కొండ ఎక్కి దిగడం నేను చూస్తూనే ఉన్నాను. వాతానికి ఏదో మూలిక తెచ్చుకుంటున్నాడనుకుని ఊరుకున్నాను. ఈ విషయం ఇప్పుడు తలుచుకున్నా నాకు నామోషీగానే ఉంటుంది.

మూడో చలికాలంలో, కంబళ్లు ఉతకడానికి వెళ్లిన మాఖౌతా ఇదంతా దగ్గర్నుంచి చూసింది. మాఖౌతా సగం చూస్తుంది, మిగతా సగం ఇంటికొచ్చాక చూస్తుంది. మా దేశంలో వాగులో రాళ్లు తిరగేసేవాడికి ఒకే ఒక్క పని ఉంటుంది. మా ఆయన కూడా పడుచుతనంలో నాలుగేళ్లు వజ్రాల కోసం గులకరాళ్లు జల్లించి చివరికి జల్లెడ ఒకటి తెచ్చాడు. ప్రతి ఇంటి గోడకీ అలాంటి జల్లెడ ఒకటి వేలాడుతూనే ఉంటుంది, తాత ఫోటో పక్కన. కాబట్టి మాఖౌతా వచ్చి, న్తాతె పొత్లాకోకి, అంటే పొత్లాకో అయ్యకి, ఏదో దొరికింది, బరువుగా మోసుకొస్తున్నాడు, గుడ్డ కప్పి మరీ దాస్తున్నాడు అనగానే పెరట్లో అందరికీ అర్థమైపోయింది. వజ్రం వెతికేవాడు రాయిని మళ్లీ ఉన్నచోటే ఎందుకు పెడతాడని ఒక్కరికీ తోచలేదు. నాకూ తోచలేదు. నేను కొలత చెప్పే పనిలో ఉన్నాను.

మాట నాయకుడి చెవిన పడింది. మా నాయకుడు లెట్లాట్సా మంచివాడే, ఎవరు ఆఖరున మాట్లాడితే వాళ్ల మాట వింటాడు. ఆ వారం ఆఖరున మాట్లాడింది అతని తమ్ముడు త్లాలి. త్లాలికి నాలుగు గుర్రాలున్నాయి, పొత్లాకో పొలంలో గడ్డి వాటి ఒంటికి పడుతుందని అతనికి చాలాకాలంగా అభిప్రాయం. మా దగ్గర నేల రాజుగారిది, పంచేది నాయకుడు. దున్నుకోమని ఇచ్చిన నేల పక్కన లైసెన్సు లేకుండా వజ్రాలు తవ్వితే ఆ నేల తిరిగి తీసుకోవచ్చట. త్లాలికి చట్టమేదీ రాదు కానీ ఆ ఒక్క ముక్క మాత్రం ఎక్కడో విని నేర్చుకున్నాడు. నెలాఖరున ఊరి సభ పెట్టి తేలుస్తామని కబురు పంపారు.

పొత్లాకోకి ఉన్నది ఆ పొలమే. దాంట్లో మొక్కజొన్న పండితే ఏడాదంతా ముద్ద, పక్కన ఆకుకూర. పొలం పోతే, గొర్రెల తొట్టి పని కూడా వదులుకున్న అరవయ్యేళ్ల మనిషి ఏం తింటాడో ఎవరూ చెప్పలేదు. అందరూ వజ్రం అమ్ముకుని తింటాడనుకున్నారు.

ఇక నేను ఊరుకోలేకపోయాను. అతనింటికి ఏదో వంకతో వెళ్లాలి. ఈ వయసులో నాకు కావలసినవన్నీ నా ఇంట్లోనే ఉంటాయి, అందుకని లేని వస్తువు ఆలోచించుకోవడానికి ఒక పూట పట్టింది. బీరు వడకట్టే జల్లెడ కావాలని వెళ్లాను.

"మీ ఇంట్లో మూడున్నాయి కదా మ్మే మాసెలోమో," అన్నాడు. మ్మే అంటే అమ్మా అని.

మూడున్న మాట నిజమే. డబ్బా గుమ్మం లోపల, నీడలో, పీట మీద ఉంది. అతను నాకు కూర్చోవడానికి చాప తెచ్చేలోపు గుడ్డ విప్పేశాను. నీళ్లు, గులకరాళ్లు, తడి నాచు. రాళ్లని పట్టుకుని కదులుతున్న గోధుమరంగు పురుగులు, ఒక్కొక్కటి నా చిటికెనవేలి గోరంత కూడా లేదు. ఆరు కాళ్లు, వెనక వెంట్రుకల్లా రెండు తోకలు.

"ఇవేమిటి?"

"పురుగులు."

"పురుగుల కింద?"

"రాళ్లు."

"రాళ్ల కింద?"

"డబ్బా అడుగు మ్మే."

నేను నమ్మకుండా చెయ్యి పెట్టి కలిపి చూశాను. అతను నా మణికట్టు పట్టుకుని మెల్లగా బయటికి తీశాడు. మీ చెయ్యి వేడిగా ఉంది, వాటికి పడదు అన్నాడు. నా చెయ్యి వేడి ఎవరికైనా పడకపోవడం నా జన్మలో అదే మొదలు. వీటినెందుకు మోస్తున్నావంటే, ఇక్కడ లేవు కదా, తెస్తున్నాను అన్నాడు. తెచ్చిన వాటిలో సగం దారిలోనే చచ్చిపోతున్నాయట. అందుకే చలి ఉండగానే బయల్దేరి, దారిలో ఊటలున్న ప్రతిచోటా ఆగి నీళ్లు మారుస్తున్నాడట. ఇంతకంటే చెప్పలేదు. నేను చాప మీద గంటసేపు కూర్చున్నా చెప్పలేదు.

ఊళ్లోకి వచ్చి నిజం చెప్పాను. పురుగులు మోస్తున్నాడు, నా కళ్లతో చూశాను, వేలితో కలిపాను అని. పావురం గుడ్డు చెప్పిన రోజు ఎదురు ప్రశ్న వెయ్యని మనుషులు ఈసారి అనుమానంగా చూశారు. "నువ్వు చూసింది అతను నీకు చూపించింది," అంది మాఖౌతా. పురుగుల్ని పైన పెట్టి కింద వజ్రం దాచడం ఎంత తెలివో అని ఇంకొకరు మెచ్చుకున్నారు. సాయంత్రానికి నాకూ అందులో వాటా ఉందని తేలింది. తర్వాత రెండు రోజులూ నా బీరు మధ్యాహ్నానికే అయిపోయింది. నిజం చెప్పడం వ్యాపారానికి మంచిదని నాకు అంతకుముందు తెలియదు.

తర్వాతి శనివారం పొద్దున్న త్లాలి పార భుజాన వేసుకుని వాగులోకి దిగాడు. ఏమిటంటే, గట్టు కోసుకుపోతోంది, బాగుచేస్తున్నాను అన్నాడు. గట్టు మీద అతనికి అంత ప్రేమ ఉందని తెలిసి ఊరంతా కదిలింది. పది గంటలకల్లా ముప్ఫైమంది మగవాళ్లు నీళ్లలో ఉన్నారు. తాతల ఫోటోల పక్కనున్న జల్లెడలన్నీ గోడలు దిగాయి. లైసెన్సు మాట ఒక్కరూ ఎత్తలేదు, అందరూ గట్టు బాగుచేసేవాళ్లే. నేను ఒడ్డున కూర్చున్నాను. ఎవరికి ఏం దొరుకుతుందో ఒకరు చూడాలి కదా.

పొత్లాకో వచ్చాడు. అరవలేదు, ఎవరి పారా లాక్కోలేదు. ఆ బూట్లతో ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి, "ఆ రాయి ఎలా ఉందో అలాగే బోర్లా పెట్టెయ్యి నాయనా," అని బతిమాలాడు. ఇంకేముంది, దాని కిందే ఉందన్నమాట అనుకుని వాళ్లు అక్కడే మోకాలి లోతు తవ్వారు. అతను ఇంకో చోటికి పరుగెత్తాడు, వాళ్లూ అక్కడికి పరుగెత్తారు. అతను ఏ రాయిని కాపాడాలని చూస్తే ఆ రాయికే మూడింది. కాసేపటికి అతనికి సంగతి అర్థమై, నోరు మూసుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అప్పుడు అతను నిలబడ్డ చోట తవ్వడం మొదలుపెట్టారు.

సాయంత్రానికి రెండు వందల అడుగుల వాగు గంజిలా అయింది. ఒక పలుగు ముక్క, ఒక గొర్రె దవడ, రెండు బీరు డబ్బాలు, ఎప్పుడో పోయిన మాఖౌతా సత్తుగ్లాసు దొరికాయి. సత్తుగ్లాసు తనదని ఆవిడ ఒప్పుకోవడానికి వెనకాడింది, నేనే సాక్ష్యం చెప్పాను.

అందరూ వెళ్లిపోయాక పొత్లాకో ఒడ్డున ఒక బండ దగ్గర వంగి దేన్నో చూస్తున్నాడు. నేనూ వెళ్లి వంగాను. బండ మీద నల్లటి చిన్న ఈగ ఒకటి పాకుతోంది. చలిగాలిలో మనం కంబళి ఎలా బిగించుకుంటామో అలా రెండు రెక్కలూ ఒంటికి చుట్టుకుని ఉంది. రెక్కలుండీ ఎగరదు, నడుస్తుంది. పక్కనే దాని పాత తోలు రాయికి అంటుకుని ఉంది. డబ్బాలో నేను చూసినదే ఎదిగి, నీళ్లలోంచి పైకి వచ్చి, ఈగ అయింది.

"ఇక్కడ ఎదిగిన దాన్ని చూడ్డం ఇదే మొదలు," అన్నాడు. మూడు చలికాలాలు ఎదురు చూసినవాడు ఆ మాట ఎలా అనాలో అలా అనలేదు. వాన వచ్చేట్టుంది అన్నట్టు అన్నాడు.

నెలాఖరు సభ నాయకుడి పశువులదొడ్డి పక్కన జరిగింది. మగవాళ్లు గడ్డి టోపీలతో ముందు, ఆడవాళ్లం కంబళ్లతో పక్కన. వాగులో తవ్విన ముప్ఫైమందీ చేతులు కడుక్కుని న్యాయం చూడటానికి వచ్చారు.

వజ్రాలు తవ్వావా అని నాయకుడు అడిగాడు. లేదు మొరేనా, అంటే దొరా, అన్నాడు పొత్లాకో. మరి వాగులో ఏం చేశావంటే, రాళ్లు తిరగేశాను అన్నాడు. ఎందుకు తిరగేశావంటే నేల చూశాడు. మళ్లీ అడిగారు. మళ్లీ నేలే చూశాడు. ఒక్క ముక్క చెబితే అయిపోయేదానికి ఆ మనిషి పెదవి విప్పడు. పొలం చేతిలోంచి జారిపోవడం మా అందరికీ కనబడుతోంది.

టీచరమ్మ న్థాటిసి ఉండబట్టలేక లేచింది. అట్ట చూపించి, ఆ పురుగు ఉంటే నీళ్లు తాగొచ్చని, లేదంటే ఏదో తేడా ఉన్నట్టని, పొత్లాకో వాటిని మళ్లీ పెంచుతున్నాడని చెప్పింది. నాయకుడు అట్టని ముందూ వెనకా తిప్పి చూశాడు. వెనక ఏమీ లేదు.

"పదిహేడు మార్కులొచ్చే పురుగుల్ని వాగులో ఎందుకమ్మా ఉంచడం," అన్నాడు త్లాలి. "బళ్లో కూర్చోబెట్టండి, మా పిల్లలు వాటిని చూసి నేర్చుకుంటారు."

సభంతా నవ్వింది. నాయకుడూ నవ్వి, తర్వాత గొంతు సవరించుకుని, లైసెన్సు లేకుండా వాగు తవ్వినవాడి దగ్గర పొలం ఉంచకూడదని ఆచారం చెబుతోంది కాబట్టి అని మొదలుపెట్టాడు. ఆ 'కాబట్టి' దగ్గర నేను లేచాను. లేవడం నాకు ఇష్టం లేదు. ముందుగా ఆ పావురం గుడ్డు సంగతి ఒప్పుకోవాలి, అది నాకు ఇంకా ఇష్టం లేదు. ఆ కొలత నాదే, వజ్రాన్ని నేను చూడలేదు, ఎవరూ చూడలేదు, బీరు బాగా కుదిరి చెప్పాను అన్నాను. మాఖౌతా నా వైపు చూసిన చూపు ఇంకా నా వీపు మీద ఉంది.

"ఇంకొక్క మాట మొరేనా," అన్నాను. "లైసెన్సు లేకుండా తవ్వినవాళ్ల పొలాలు తీసుకుంటామంటే నాకేం అభ్యంతరం లేదు. మొన్న శనివారం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నేను ఒడ్డునే ఉన్నాను. ముప్ఫైమంది పేర్లు వరసగా చెప్పగలను, ఎవరి జల్లెడ ఎలాంటిదో కూడా చెప్పగలను. మీ తమ్ముడితో మొదలుపెట్టమంటారా?"

టోపీలన్నీ ఒక్కసారి కిందికి వంగాయి. గట్టు బాగుచేశాం అని ఎవరో గొణిగారు. గట్టు ఇప్పుడు ఎక్కడుందో చూపించమన్నాను. ఈసారి ఆఖరున మాట్లాడింది నేను.

పొలం పొత్లాకోదే అన్నాడు నాయకుడు. అంతటితో ఊరుకుంటే సభ దేనికి పెట్టినట్టు, అందుకని ఇంకో ఆజ్ఞ కూడా వేశాడు. గడ్డి తిరిగి ఎదగాలనుకున్న చోట మా నాయకులు రాళ్లగుట్టలు పెట్టి, తెరిచేదాకా ఎవరూ మందను తోలకూడదంటారు. రెల్లుకీ, ఇళ్ల కప్పుల గడ్డికీ కూడా అలాగే. పురుగుల కోసం గుట్ట పెట్టడం మా తాతముత్తాతల్లో లేదు, పెడితే పక్క ఊళ్లవాళ్లు నవ్వుతారు. కాబట్టి వాగులో ఆ రెండు వందల అడుగులకీ ఈ కొసనొక గుట్ట, ఆ కొసనొక గుట్ట పెట్టించి, రెల్లు పెరగడానికి రెండేళ్లపాటు మూసేస్తున్నానని ప్రకటించాడు. అక్కడ రెల్లు మొలవడం మా అమ్మమ్మ కూడా చూడలేదు. ఆ లేని రెల్లుకి కాపలాదారుగా పొత్లాకోని పెట్టాడు. గుట్టల రాళ్లు మోసేది గట్టు బాగుచేసిన ముప్ఫైమందే అన్నాడు. నాయకుడు మంచివాడని నేను ముందే చెప్పాను కదా.

వారం ఆగాను. నేను వారం ఆగడమంటే ఎంతో మా వీధివాళ్లని అడగండి. ఆ తర్వాత వెళ్లాను. పొత్లాకో మోకాళ్ల లోతు నీళ్లలో ఉన్నాడు, డబ్బా పక్కన రాయి మీద ఉంది. నీళ్లు తేటపడ్డాయి. నేను కాపలాదారు అనుమతి తీసుకోకుండానే గుట్ట దాటి, చెప్పులు విడిచి దిగాను. నీళ్ల చలికి ఎముకలు పలికాయి.

ఇన్నాళ్లూ వంకలతో వచ్చాను, ఈసారి ఏ వంకా పెట్టుకోలేదు.

"సభలో ఒక్క మాట చెప్పి ఉంటే నేను లేవాల్సిన పని ఉండేది కాదు పొత్లాకో," అన్నాను. "పొలం పోతుందని తెలిసి కూడా నోరు విప్పలేదు. ఈ పురుగులు నీకు ఎందుకు? ఎందుకు చెప్పలేదు? సూటిగా అడుగుతున్నాను, సూటిగా చెప్పు."

అతను చేతిలో ఉన్న రాయిని బోర్లా పెట్టి, కదలకుండా దానికి ఇటూ అటూ చిన్న రాళ్లు ఆనించాడు.

"చెబితే, ముందున్నవి ఏమయ్యాయని అడుగుతారు కదా మ్మే," అన్నాడు. "ఆఖరి ఏడాది తొట్టి ఖాళీ చేసినప్పుడు వానకి గుంట నిండిపోయి ఉంది. బక్కెట్లతో గట్టు అవతలికి మోయాలంటే చీకటి పడేది. నాకు ఆకలేసింది. వాగు వైపు బిరడా పీకేసి ఇంటికొచ్చి ముద్ద తిన్నాను. మర్నాడు చూస్తే ఇక్కణ్ణుంచి కింద మలుపు దాకా రాళ్ల మీద ఇవే, చచ్చి వెల్లకిలా పడి. వజ్రాల దొంగ అన్నారు, అననివ్వండి, ఆ మాటకి కొందరు నాకు దండం కూడా పెట్టారు. పొలం తీసుకున్నా తీసుకునేవారే. వీటిని చంపింది నేనేనని మాత్రం సభలో చెప్పలేకపోయాను, మీకు చెప్పానంటే ఊరికి చెప్పినట్టే కాబట్టి ఇక ఆ బరువు మీరు దించేస్తారు. ఇంకా రెండు వందల పురుగుల్ని తేవాలి. మీరు నిలబడ్డ రాయి కింద నిన్న పన్నెండింటిని పెట్టాను, కాస్త ఆ పక్కకి జరగండి."